బడి గుమ్మంలో నూకాలు

ఇప్పటి ముసలమ్మల ముత్తవ్వలకు పాలపళ్లు కూడా రాని రోజుల్లో, ఉప్పుటేటి ఒడ్డున ఈదులపాలెం అనే ఊరుండేది. ఊళ్లో ఒక బడి ఉండేది. బడిని ఊడ్చే మనిషి పేరు నూకాలు. ఊడ్చేది, కుండలో నీళ్లు నింపేది, గంట కొట్టేది. ఆమె మొహం నిండా మశూచి మచ్చలు. కొత్తగా బడికొచ్చిన పిల్లలు ఆ మొహం చూసి మొదటిరోజు దడుచుకునేవారు, మూడోరోజుకు ఆమె ఒళ్లో కూర్చునేవారు.

ఒకనాడు పైనుంచి కాగితం వచ్చింది. మశూచి టీకా మచ్చ లేని బిడ్డను బడిలోకి రానివ్వకూడదని అందులో ఉంది. సన్యాసయ్య మాస్టారు అది చదివి చెమట తుడుచుకున్నాడు. టీకా వద్దనే మొదటి మనిషి మునసబు జోగినాయుడని ఆయనకు తెలుసు. మునసబు వద్దంటే ఊరు వద్దంటుంది. నెల కిందట టీకాలాయన వస్తే జాలరిపేట పిల్లలు నలుగురైదుగురు తప్ప ఎవరూ చెయ్యి చాపలేదు.

“నూకాలూ, గుమ్మంలో నువ్వు నిలబడు. నేను లోపల ఎక్కాలు చెప్పుకుంటాను,” అన్నాడు మాస్టారు.

“నాకు సదువు రాదు కదా బాబూ.”

“మచ్చ చూడ్డానికి చదువెందుకే?”

అదీ నిజమే అనుకుంది నూకాలు. మచ్చల సంగతి ఆ ఊళ్లో ఆమెకంటే ఎవరికి తెలుసు?

మర్నాడు చీపురు గోడకు చేర్చి గుమ్మంలో నిలబడింది. ఏ బిడ్డ వచ్చినా ఒకటే మాట: “సెయ్యి సూపించు, లోపలికి నడు.”

మునసబు కొడుకు చిట్టినాయుడికి ఏడేళ్లు. పాలేరు గురువులు వాణ్ణి భుజాన ఎక్కించుకుని తెచ్చాడు. ఎండ మండిపోతోంది. పిల్లాడికి మాత్రం మణికట్టు దాకా ఉన్ని కోటు.

“సెయ్యి సూపించు, లోపలికి నడు,” అంది నూకాలు.

“కోటు విప్పకూడదు. బాబుకి చలి,” అన్నాడు గురువులు, తన చెమట తుడుచుకుంటూ.

“అయితే దుప్పటి కప్పి ఇంటికాడ పడుకోబెట్టు.”

రెండోరోజు కోటు లేదు. జబ్బ మీద గుండ్రంగా మచ్చ ఉంది. నూకాలు వేలు తడి చేసుకుని ఒక్కసారి రుద్దింది. మచ్చ ఆమె వేలికొచ్చింది.

“కాటుక మంచిదేరా గురువులూ. కళ్లకి ఎట్టండి,” అని పంపేసింది.

మూడోరోజు గురువులు, చిట్టినాయుడు ఒకే శాలువాలో దూరి వచ్చారు. “సెయ్యి సూపించు, లోపలికి నడు,” అనగానే శాలువాలోంచి ఒక చెయ్యి వచ్చింది. దాని మీద మచ్చ ఉంది. అసలైన టీకా మచ్చే. నూకాలు ఆ చేతిని పట్టుకుని అటూ ఇటూ తిప్పింది.

“ఏడేళ్ల బిడ్డకి ఇంత బొచ్చేటిరా?”

గురువులు తలొంచుకున్నాడు. కూలికి బర్మాలోని రంగం పోయినప్పుడు ఓడ ఎక్కే ముందు వాడికి టీకా వేశారు. లోపల పిల్లలు ఎక్కాలు మానేసి నవ్వారు. అందరికంటే గట్టిగా చిట్టినాయుడే నవ్వాడు.

ఆ మధ్యాహ్నమే మునసబు వచ్చాడు. వెనక సగం ఊరు వచ్చింది.

“బడి ఉన్న జాగా నాది. నా కొడుకుని ఆపడానికి నువ్వెవత్తెవే?”

నూకాలు రెండు చేతులూ జోడించింది. గుమ్మం మాత్రం వదల్లేదు.

“నానెవరిని బాబూ. ఊడ్సేదాన్ని. నాకు ముగ్గురు బిడ్డలు. ముగ్గుర్నీ ఒక్క వారంలో అమ్మోరు తీసుకుపోయింది. అప్పుడు ఈ సూది మన దాకా రాలేదు. వచ్చుంటే ఎవరి కాళ్లయినా పట్టుకుని ఏయించేదాన్ని. నీ ఇంటికాడికే వచ్చింది, నువ్వు పొమ్మంటన్నావు.”

మునసబు మీసం దువ్వుకున్నాడు, దగ్గాడు. అప్పుడు తండ్రి వెనకనుంచి చిట్టినాయుడు అన్నాడు:

“నాకు భయం లేదు నూకాలవ్వా. నాన్నకే సూదంటే భయం. ఆ రోజు టీకాలాయన వస్తే గాదెలో దాక్కున్నాడు.”

మునసబు మొహం కందగడ్డయింది. నవ్వడానికి ఊరికి ధైర్యం చాల్లేదు. నూకాలు కూడా నవ్వలేదు. దగ్గరికెళ్లి మెల్లగా అంది:

“బయం తప్పుకాదు బాబూ. సోమవారం ఆయనొస్తాడు. నాను పక్కన కూకుంటాను.”

సోమవారం మునసబు బడి అరుగు మీద కూర్చున్నాడు. నూకాలు కొంగు ముడి విప్పి, గంజిలోకని తెచ్చుకున్న బెల్లం ముక్క తీసి ఆయన నోట్లో పెట్టింది. “కొరుకు. అటు సూడకు, నాకేసి సూడు,” అంది. మునసబు ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఆ పట్టుకు గాజులు రెండు చిట్లాయి. సూది తగలకముందే ఆయన పెట్టిన కేక ఏటి అవతలి గట్టున వినిపించింది. కళ్లనీళ్లు మీసాల మీదుగా కారాయి. నూకాలు కొంగుతో తుడిచి, ఏడ్చినందుకని ఇంకో ముక్క పెట్టింది.

చిట్టినాయుడు కిక్కురుమనలేదు. వాడికి ఒక్క ముక్కే దక్కింది.

మునసబే ఏడ్చాక ఇక మనకేం సిగ్గని ఊరంతా వరస కట్టింది. పొద్దువాలేసరికి బడిపిల్లల్లో టీకా పడని బిడ్డ లేదు.

మరు వేసవిలో అమ్మవారు ఏటి పొడుగునా నడిచింది. ఎగువ ఊళ్లో ఏడ్పులు, దిగువ ఊళ్లో ఏడ్పులు. ఈదులపాలెం బడిలో ఒక్క పలక కూడా తగ్గలేదు. హాజరు పిలుస్తుంటే ప్రతి పేరుకూ వచ్చే జవాబును గుమ్మంలోంచి వినేది నూకాలు. ఆఖరి పేరు పలికాక పక్కకు తిరిగి కళ్లు ఒత్తుకునేది.

చాలా ఏళ్లు బతికి, ఒక వేకువన గంట కొట్టకుండానే పోయింది. ఆమె పాడెను ముందువైపు మోసినవాడు మునసబు. దారి పొడుగునా బిగ్గరగా ఏడ్చాడు. ఈసారి ఎవరికీ నవ్వు రాలేదు.

ఇప్పుడు ఈదులపాలెం బడికి సూదిరోజున నర్సమ్మ వస్తుంది, చాక్లెట్లు తెస్తుంది. పిల్లలు వాటిని జేబులో వేసుకుని నోరు తెరుస్తారు. నోట్లోకి నూకాలు బెల్లమే పడాలి. లేనోడికైనా ఉన్నోడికైనా ఒక ముక్క. ఏడ్చినవాళ్లకు రెండు. అందుకే ఆ ఊళ్లో సూదంటే ఏమాత్రం భయంలేని పిల్లలు కూడా, సూది దిగిపోయాక ఒక్క క్షణం ఆలోచించి, గొంతెత్తి ఏడుస్తారు.