దీనమ్మ ప్రార్థన మనవి

కోనసీమలో ఒక చిన్న ఊరి చర్చిలో దీనమ్మ అనే పెద్దావిడ ఉండేది; మనసు వెన్నే గాని, ఆమె నోట్లో నువ్వు గింజ నానేది కాదు.

ఇంట్లో కష్టాలున్న ఆడవాళ్ళు చర్చి పక్క గదిలో ఆమె దగ్గర కూర్చుని గోడు చెప్పుకునేవారు. దీనమ్మ ఓపిగ్గా వినేది, వాక్యం చదివి ధైర్యం చెప్పేది, మంచి సలహా ఇచ్చేది. చాడీలు చెప్పడం పాపమని ఆమెకు తెలుసు. అందుకని చాడీలు చెప్పేది కాదు, ప్రార్థన చేసేది. స్త్రీల కూటంలో కళ్ళు మూసుకుని, "ప్రభువా, రైసుమిల్లు వెనక పెంకుటింట్లో ఉండే ఒక సహోదరి భర్త మళ్ళీ తాగుతున్నాడు, అతన్ని మార్చు" అనేది. పేరు చెప్పలేదు కదా అని ఆమె ధీమా. రైసుమిల్లు వెనక ఉన్నది ఒక్కటే పెంకుటిల్లు.

ఒక శుక్రవారం కెజియా అనే అమ్మాయి ఆ గదికి వచ్చింది. మెడ చుట్టూ కప్పుకున్న పమిట తీస్తే వేళ్ళ గుర్తులు కనిపించాయి.

"రేపు పొద్దున ఆయన పనికెళ్ళగానే పాపనెత్తుకుని తుని వెళ్ళిపోతానండి, ఆయనకి తెలియని నా చిన్ననాటి స్నేహితురాలి దగ్గరికి. మా అత్తగారికి తెలిస్తే ఆయనకి చెప్పేస్తుందండి. ఆయన నన్ను బతకనివ్వడు. ఎవరితోనూ అనకండమ్మగారు," అంది.

"అననమ్మా. భరించమని కూడా చెప్పను. వెళ్ళిపో తల్లీ," అంది దీనమ్మ. నిజంగానే అనకూడదనుకుంది.

ఆ మధ్యాహ్నం కూటంలో ఆమె మనసు ఆగలేదు. "ప్రభువా, మెడ మీద దెబ్బలతో రేపు పొద్దున పసిబిడ్డతో తుని బస్సెక్కే ఒక సహోదరికి తోడుండు" అని కన్నీళ్ళతో వేడుకుంది. అందరూ ఆమేన్ అన్నారు. ఒక ఆమేన్ మాత్రం గుమ్మం దగ్గర నుంచి వినిపించింది. దీనమ్మ కళ్ళు తెరిచేసరికి, ఎప్పుడూ కూటానికి రాని కెజియా అత్తగారు చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోతోంది.

దీనమ్మ వెంటనే పాస్టరు గారికి ఫోన్ చేసి, పోలీసులను తీసుకురమ్మని చెప్పి, కెజియా ఇంటికి పరుగెత్తింది. తలుపుకు బయట తాళం వేసి ఉంది. లోపల పాప ఏడుస్తోంది. కెజియా గొంతు వినిపించలేదు. అత్తగారు మెట్టు మీద కూర్చుని, తాళంచెవి కొంగున ముడివేసుకుంటోంది.

"మా ఇంటి సంగతి దేవుడికి అప్పజెప్పారుగా, ఇంక ఆయనే చూసుకుంటాడు. మా అబ్బాయి బయల్దేరాడు," అంది నింపాదిగా.

వీధి చివర బండి చప్పుడైంది. అది ఎవరిదో దీనమ్మకు తెలియలేదు. లోపల పాప ఏడుపు కూడా ఆగిపోయింది. ఎవరో పాప నోరు మూసినట్టుంది.

వచ్చింది పాస్టరు గారు, ఆయన వెంట పోలీసులు. తాళం పగలగొట్టారు. కెజియా గది మూలన నక్కి, పాప నోటి మీద చెయ్యి పెట్టుకుని ఉంది. ఆ బండి మొగుడిదే అనుకుంది.

"నన్ను క్షమించమ్మా," అంది దీనమ్మ.

కెజియా ఆమె వంక చూడలేదు. "నాకున్న చోటు అదొక్కటేనండి. ఇప్పుడు తుని కూడా ఆయనకి తెలిసిపోయింది. ఇంక నేనెక్కడ దాక్కోను?"

పోలీసులు ఆమెను, పాపను తమతో తీసుకెళ్ళారు. ఎక్కడికో పాస్టరు గారు అడగలేదు. దీనమ్మకు అడిగే ధైర్యం లేకపోయింది. ఈనాటికీ కెజియా కోసం ఆమె ప్రార్థన చేస్తూనే ఉంది, పెదవులు మాత్రమే కదుపుతూ.

నమ్మి చెప్పిన మాటను ప్రార్థన పేరుతోనైనా నలుగురిలో పెట్టకూడదు. దేవుడికి మనసులో అనుకున్నా వినిపిస్తుంది.