సగం చాపతో వచ్చిన పెళ్ళికొడుకు

ముందు దుప్పట్లో కాళ్ళు పెట్టు. ఆ, అలాగ. మధ్యలో నీళ్ళూ గీళ్ళూ అన్నావంటే కథ ఆపేస్తాను, చెబుతున్నాను.

అనగనగా ఒక లంక. లంకంటే తెలుసుగా, చుట్టూ గోదారి, మధ్యలో ఊరు. ఆ ఊళ్ళో వరహాలు అని ఓ పిల్ల. అచ్చం నీలాగే, ఒక్కచోట కుదురుగా కూర్చోదు. ఆ పిల్లకి అవతలి గట్టు సూరిబాబుతో పెళ్ళి కుదిరింది.

ఆ లంకవాళ్ళకో పట్టింపు ఉండేది. పెళ్ళి పడవ తెరచాప నిండా విప్పుకుని రావాలి. చాప సగానికి దించుకుని వచ్చిందంటే చావు కబురు తెస్తోందని లెక్క.

పెళ్ళి రోజు పొద్దున్నే మగపెళ్ళివారు పడవెక్కారు. పడవ నడిపేది నూకరత్నం. అబ్బో, దాని గొంతు లేస్తే గట్టు మీద కొంగలన్నీ ఎగిరిపోయేవి!

కొంత దూరం హాయిగా సాగారు. అప్పుడు సముద్రం వైపు నుంచి గాలి లేచింది. వచ్చీ రాగానే పెళ్ళికొడుకు తండ్రి అబ్బులు తలపాగా ఎత్తుకుపోయింది.

"చాప కొంచెం మడిచేద్దామండీ. ఇప్పుడైతే సులువు" అంది నూకరత్నం.

"మతి ఉందా నీకు? శుభమా అంటూ పెళ్ళికెళ్తూ చాప దించుతావా!" అని గయ్యిమన్నాడు అబ్బులు.

ఆ తర్వాత గాలి ఇంకా పెరిగింది. తమలపాకుల బుట్ట బోర్లాపడి, ఆకులన్నీ చిలకల్లా ఎగిరిపోయాయి. నూకరత్నం మళ్ళీ అడిగింది. అబ్బులు మళ్ళీ తల అడ్డంగా ఊపాడు. మొండి ఘటం!

మూడో విసురుకి పడవ ఓ పక్కకి ఒరిగిపోయింది. నీళ్ళు లోపలికి వచ్చేశాయి. డోలు వాయించే ముసలాయన డోలుని కావలించుకుని "ఓరి నాయనో" అని ఏడుపు లంకించుకున్నాడు.

ఇక నూకరత్నం ఎవర్నీ అడగలేదు. "కూర్చోండందరూ! లేచారంటే నేనే తోసేస్తాను!" అని ఒక్క అరుపు అరిచింది. చుక్కాని తిప్పి పడవ మూతి గాలికి ఎదురుగా పెట్టింది. చాపలో గాలి పోయి టపటపా కొట్టుకుంది. అప్పుడు చుక్కాని పెళ్ళికొడుకు చేతికిచ్చి, "ఇలాగే పట్టుకో అబ్బాయ్. వదిలావంటే పెళ్ళీ లేదు, గిళ్ళీ లేదు" అంది.

ఆ తర్వాత మోకు సడలించి చాపని సగానికి దించింది. వరదనీళ్ళలో నేను చీర ఎగ్గట్టుకుంటానే, అలా కింద మిగిలిన గుడ్డని మడతలు పెట్టి చుట్టింది. చాపకి వరసగా వేలాడే చిన్న తాళ్ళతో గట్టిగా కట్టేసింది. మొదట్లో అయితే తనొక్కతే చేసేసేది. ఇప్పుడు నలుగురు పట్టుకోవాల్సి వచ్చింది, మన మొండి అబ్బులుతో సహా! "మోకు చేతికి చుట్టుకోకండి, వేళ్ళు ఊడతాయి!" అని మధ్యలో అందరికీ చీవాట్లు. అన్నీ అయ్యాక మోకు బిగించింది. పడవ నిటారుగా లేచి బుద్ధిగా నడిచింది.

ఇటు లంక రేవులో ఏమైందనుకున్నావు? సగం చాప చూసి వరహాలు తల్లి "అయ్యో, నీ పెళ్ళి ఇలా అయిందేమిటే!" అని శోకాలు మొదలెట్టింది. వంటవాళ్ళు గరిటెలు కింద పెట్టేశారు. వరహాలు నుదుట బాసికంతోనే రేవుకి పరిగెత్తింది, సూరిబాబుకేమైందో అని ఏడ్చుకుంటూ.

పడవలోంచి అబ్బులు అది చూశాడు. "అయ్యయ్యో, మనవాడు పోయాడనుకుంటున్నార్రా! వాయించండి!" అని గంతులేశాడు. డోలూ సన్నాయీ మోగాయి. నూకరత్నం పెళ్ళి పాట అందుకుంది. సూరిబాబు ఒక చేత్తో చుక్కాని వదలకుండా, రెండో చెయ్యి ఊపుతూనే ఉన్నాడు.

వరహాలు ఆగుతుందా? మోకాలి లోతు నీళ్ళలోకి దిగిపోయి అతని చెయ్యి పట్టేసుకుంది. తాళి కట్టకముందే, చూశావా, సిగ్గూ లేదు, ఏమీ లేదు!

తల్లి మాత్రం ఒడ్డునే నిలబడి, "సగం చాపతో వచ్చారేమిటే, అపశకునం కదే" అని సణిగింది.

వరహాలు కళ్ళు తుడుచుకుని పకపకా నవ్వేసింది. "చాప సగం వస్తేనేం అమ్మా? మనిషి నిండుగా వచ్చాడు కదా!"

కథేమో కంచికెళ్ళింది పడవెక్కి,
మనమేమో ఇంటికొచ్చాం మంచమెక్కి.
గాలీ గాలీ, మెల్లగా రా,
నిద్రా నిద్రా, తొందరగా రా!