కొమురెల్లి తల మీద గీత

ఫణీంద్రకు సాఫ్ట్‌వేర్ దొరకడం లేదు.

మూర్ఛ రోగి మెదడును కంప్యూటర్లో మళ్ళీ కట్టి, ఫిట్స్ ఎక్కడ మొదలవుతున్నాయో చెప్పడం అతని పరిశోధన. అలా కట్టడానికి న్యూరల్ నెట్‌వర్క్ సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్ కావాలి. పరిశోధకులకు ఉచితమంటూ ఊరించేవి బోలెడు. ఒకటి ఎక్కించబోతే కంప్యూటరే మొరాయించింది. ఇంకోదాన్ని తయారుచేసినవాళ్ళే గాలికొదిలేశారు. కిందామీదా పడి మూడింటిని నడిపించాడు. మూడూ కలిసి అతని సిద్ధాంతాన్ని గంగలో కలిపాయి.

ఇంకొకడైతే సిద్ధాంతాన్ని అనుమానించేవాడు. మనవాడు సాఫ్ట్‌వేర్లను అనుమానించాడు. చదువు ముదిరితే వచ్చే జబ్బే అది. వెతగ్గా వెతగ్గా నాలుగోది దొరికింది. అందులో కొమురెల్లి అనే రోగి ఫిట్స్ సరిగ్గా అతను అనుకున్న చోటే పుట్టాయి, మాటను నడిపే భాగానికి ఆనుకుని.

ఆసుపత్రిలో మెదడు డాక్టరూ, తనకు గైడూ అయిన తాయారు మేడం దగ్గరికి పరుగెత్తాడు.

"దొరికింది మేడం! ఇదే వాడదాం."

"మిగతా మూడూ ఏమన్నాయి?"

"కాస్త వెనకాల చూపించాయి. అవి మన పనికి రావు మేడం."

"కొమురెల్లి ఆపరేషన్ ఎల్లుండి. నీ రిపోర్టు కోసం సర్జన్లు ఆగారు."

"రాసేశాను కూడా మేడం!"

ఆవిడ తిట్టలేదు. తిట్టినా బావుండేది. సొరుగులోంచి మార్కర్ పెన్ను తీసి, "రా" అంది.

కొమురెల్లి కూరగాయల మార్కెట్లో వేలంపాట పాడే మనిషి. గొరిగిన తలతో మంచం మీద కూర్చుని, తనకు తెచ్చిన ఇడ్లీలను వేలం వేస్తున్నాడు. పక్క మంచాలవాళ్ళు పడీపడీ నవ్వుతున్నారు. అతని భార్య లచ్చవ్వ ఒక్కతే నవ్వడం లేదు.

"కొమురెల్లీ, నీ మెదడుకు బొమ్మ కట్టింది ఈ అబ్బాయే," అంటూ మేడం పెన్ను ఫణీంద్ర చేతిలో పెట్టింది. "ఎక్కడ కొయ్యాలో గియ్యి."

"గియ్యి సారూ, నాదేం పోతది!" అని కొమురెల్లి తల వంచాడు.

లచ్చవ్వ దగ్గరికొచ్చింది. "మల్ల మాట్లాడుతడు గదా సారూ? ఆయినకు నోరే బతుకు."

ఫణీంద్ర పెన్ను మూత తీశాడు. ఎడమ చెవి పైన ఒక నరం మెల్లగా కొట్టుకుంటోంది. వేలితో వెనక్కి, మూడూ చూపిన చోటు తడిమాడు; ముందుకు, నాలుగోది చూపిన చోటు తడిమాడు. రెంటికీ మధ్య బొటనవేలి వెడల్పు కూడా లేదు. పెన్ను మొన తల మీద ఆనించబోయి ఆగిపోయాడు.

"మెడ గుంజుతుంది సారూ, జల్ది గియ్యి," అన్నాడు కొమురెల్లి, వంచిన తల ఎత్తకుండానే.

ఫణీంద్ర మేడం వైపు తిరిగాడు. పెన్నుకు మూత పెట్టాడు.

"నాకు తెలీదు మేడం."

"నాకెందుకు చెబుతావ్?" అందావిడ. "ఆమెకు చెప్పు."