మద్దిచెట్టు కింద ఖాళీ జాగా

గుమ్మడిగుట్ట అడవిలో ఎలుగుబంట్లు, అడవిదున్నలు, కుందేళ్లు, నక్కలు, ముళ్లపందులు ఉండేవి. అక్కడ ప్రతి జీవికీ ఒక తోపుడు బండి ఉండేది. చీమకు కూడా ఉండేదంటే చూసుకోండి. లేనిదల్లా పాముకే, పాపం తోయడానికి దానికి చేతుల్లేవు కదా.

సూదమ్మ అనే ముళ్లపంది సంతలో దుంపలమ్మి ముగ్గురు పిల్లల్ని సాకేది. నాలుగు రోజుల్లో వానలు మొదలవుతాయి. బండి నానితే చక్రాలు ఊడతాయి, చక్రాలు ఊడితే పిల్లలకు పస్తే. అందుకే బండికి నీడ ఉన్న ఇల్లు అద్దెకు కావాలని అడవంతా గాలించింది. ఆ తిరుగుడుకు దాని కాళ్లు జానెడు అరిగిపోయాయి.

జంబులయ్య అనే నక్క కూడా ఇంటికోసమే తిరుగుతున్నాడు. అతని బండి కొత్తది. దానికి రంగులు, గంటలు, అద్దాలు. దాన్ని చూసి సూర్యుడే కళ్లు మూసుకునేవాడు.

ఇద్దరూ ఒకే మధ్యాహ్నం పెద్ద మద్దిచెట్టు దగ్గరికి వచ్చారు. దాని పన్నెండో అంతస్తులో రెండు తొర్రలు ఖాళీగా ఉన్నాయి. చెట్టు కింద ఆకులతో కప్పిన పెద్ద పందిరి, అందులో ఒక్క బండి కూడా లేదు. ఇంటి యజమాని కొండముచ్చు, ఏనుగుల పెళ్లి ఊరేగింపైనా ఇక్కడ పట్టేస్తుందని చెప్పుకొచ్చాడు.

జంబులయ్య అక్కడికక్కడే ఒకటి ఒప్పేసుకున్నాడు. ఏడాది దాకా ఖాళీ చేయనని మాట కూడా ఇచ్చేశాడు. సూదమ్మ మాత్రం ఒక రాయి మీద చతికిలబడి, సాయంత్రం దాకా ఇక్కడే ఉంటానంది.

"ఇల్లు చూడటానికొచ్చావా వదినా, కాపురం పెట్టడానికొచ్చావా?" అన్నాడు జంబులయ్య.

"ఇప్పుడు అందరూ సంతకు పోయుంటారు మరిదీ. వాళ్లు తిరిగొచ్చాక ఈ జాగా ఎంతుంటుందో చూడాలి," అంది సూదమ్మ.

జంబులయ్య నవ్వుకుంటూ తన బండిని ఊరంతా చూపించడానికి పోయాడు.

పొద్దు వాలింది. ఎలుగుబంటి తేనెబండి వచ్చింది. అడవిపందుల బండ్లు మూడు వచ్చాయి. కుందేళ్లవి నలభై వచ్చాయి. చోటులేక చీమబండి తేనెబండి మీదెక్కింది. చివర్లో అడవిదున్న తన బండిని అడ్డంగా పెట్టి, పొద్దున తను లేచేదాకా ఎవరూ కదలొద్దని చెప్పి పడుకుంది. రోజూ ఇంతేనా అని సూదమ్మ అడిగితే, ఈరోజే కాస్త నయమంది ఎలుగుబంటి.

మర్నాడు సూదమ్మ గుట్ట వెనక తాబేలు తాత అద్దెకిచ్చే ఇరుకు రాతిగూటికి వెళ్లింది. వట్టి చేతులతో కాదు, బండిని తోసుకుంటూ వెళ్లింది. గూటి ముందు రాతిచూరు కిందికి బండిని నెట్టి చూసింది. రెండు వైపులా వెంట్రుకవాసి సందు మిగిలింది. చాలనుకుని ఆ పూటే పిల్లలతో చేరిపోయింది.

జంబులయ్య రోజూ అందరికన్నా ఆలస్యంగా వచ్చేవాడు. చోటు దొరక్క బండిని వాగు ఒడ్డున పెట్టేవాడు. అయిదో రోజు వాన దంచింది. వాగు పొంగింది. బండి గంటలు మోగించుకుంటూ కొట్టుకుపోయింది. అందులో వంద కప్పలు దర్జాగా కూర్చుని ఊరేగాయట.

తడిసి ముద్దయిన జంబులయ్య సూదమ్మ గూటి గుమ్మంలో నిలబడి తుమ్మాడు. సూదమ్మ వేడివేడి దుంప ఒకటి చేతిలో పెట్టింది.

"ఏడాది అద్దె పోతే పోనీ వదినా, ఈసారి ఇల్లు చూడటానికి నువ్వూ రావాలి. ఇప్పుడే పోదామా?"

"ముందు దుంప తిను మరిదీ. అందరూ ఇళ్లకు చేరాక పోదాం."

నీతి: ఖాళీగా ఉన్నప్పుడు చూసి మురిసిపోకూడదు; నిండినప్పుడు మనకెంత మిగులుతుందో చూసుకుని మాటివ్వాలి.