మూల తెగిన షీట్లు

పేరయ్య మాస్టారిని ఎవరైనా ప్రశ్న అడిగితే ఆయన జవాబు చెప్పేవారు కారు, పని చెప్పేవారు. ఒకరిని పోస్టాఫీసుకు పంపేవారు, ఇంకొకరిని పెరట్లో తొట్టి నింపమనేవారు. పని ముగించుకుని వచ్చేసరికి సగంమంది తాము అడిగింది మర్చిపోయేవారు. గుర్తున్నవాళ్లు రెండోసారి అడిగిన సందర్భాలు తక్కువ.

పినాకపాణికి ఈ సంగతి తెలుసు. మునిసిపల్ ఆఫీసులో జనన మరణాల సెక్షను, రెండో నంబరు కౌంటరు అతనిది. ఎనిమిదేళ్లుగా ప్రతి బుధవారం సాయంత్రం మాస్టారి వరండాలో జరిగే గీతా పాఠానికి వస్తున్నాడు. ఆ బుధవారం పొద్దుటి నుంచీ ముసురు. పాఠానికి అతనొక్కడే వచ్చాడు. తడిసిన చెప్పులు గుమ్మం పక్కన విడిచి, మాస్టారు తెమ్మన్న మందుల కవరు ఆయన చేతిలో పెట్టి, కూర్చోకముందే అడిగాడు.

“గురువుగారూ, పొద్దున లేచింది మొదలు అందరూ నా దారికే అడ్డం ఎందుకు పడతారండీ?”

“ఎవరెవరు?” అన్నారు మాస్టారు.

పాణి చెప్పుకొచ్చాడు. పొద్దున కరెంటు లేదు, మిక్సీ తిరగలేదు, చట్నీ లేని ఇడ్లీలు తిన్నాడు. గొడుగేదని భార్య హైమవతిని అడిగితే, “మీరే మొన్న ఆఫీసులో వదిలేసి వచ్చారు, నన్నడిగితే నేనేం చెప్పను?” అంది. ఆఫీసుకు వెళ్తే పదకొండు దాకా సర్వరు పనిచేయలేదు. పనిచేసే వేళకు కిటికీ ముందు ముప్ఫైమంది. అందులో ఒకావిడ ఆస్పత్రి వాళ్లిచ్చిన కాగితం తెచ్చింది, పై మూల లేదు. రద్దయిన సర్టిఫికెట్టుకు పై మూల కత్తిరించడం వాళ్ల ఆఫీసు పద్ధతి. మూల లేని కాగితం చెల్లని కాగితం. “అది అట్టాగే ఉంటాది బాబూ, ఎందుకంటే” అని ఆవిడ ఏదో మొదలుపెట్టింది. “మూల లేనిది తీసుకోమమ్మా. తర్వాత ఎవరు?” అన్నాడు పాణి. ఆవిడ పక్కకు జరగడానికి ఐదు నిమిషాలు పట్టింది.

“ఇక ఆ మందుల షాపు సుభాని సంగతి చెప్తే మీరు నమ్మరు” అన్నాడు.

ఎప్పుడూ మాస్టారికి మందులు తెచ్చిపెట్టే పక్కింటావిడ కూతురి కాన్పుకని ఊరెళ్లింది. అందుకని ఈసారి పని పాణికి పడింది. షాపులో అతను చీటీ గాజుబల్ల మీద పెట్టేసరికి హైమవతి ఫోను చేసి పెరుగు ప్యాకెట్టు గుర్తుచేసింది. ఆవిడ ఇంకా ఏవేవో చెబుతుంటే వింటూ చాలాసేపు అటు తిరిగి నిలబడ్డాడు. ఇటు తిరిగేసరికి బల్ల మీద మూడు మాత్రల షీట్లున్నాయి. ఒకదానికి ఒక మూల లేదు, ఇంకొకదానికి రెండు మూలలు లేవు.

“ఇదేమిటయ్యా, తెగిపోయినవి అంటగడుతున్నావు?” అన్నాడు పాణి.

“మాస్టారికేగా సార్, అవి నేనే...”

“ఎవరికైతే ఏంటి? పెద్దాయన చూసుకోరనా? మంచివి తీసివ్వు.”

సుభాని ఒక క్షణం అతని వంక చూసి, “మరి వారికి మీరు చెప్తారా సార్?” అన్నాడు.

“చెప్తాను, చెప్తాను. ముందు నువ్వివ్వు. నా వెనకాల ఎంతమందున్నారో చూడు.”

ఇదంతా చెప్పి పాణి, “నేను కనిపెట్టాను గనక సరిపోయింది, లేకపోతే ఆ తెగిన ముక్కలే మీకు వచ్చేవి” అన్నాడు. ఆ రోజు మొత్తంలో అతనికి కాస్త తృప్తినిచ్చిన పని అదొక్కటే.

అతను మాట్లాడుతున్నంతసేపూ మాస్టారు కవరులోంచి షీట్లు తీసి బొటనవేలితో అంచులు తడుముతున్నారు. మొదటిది నాలుగు వైపులా తడిమి ఒళ్లో పెట్టుకున్నారు. రెండోది, మూడోది కూడా అలాగే చేశారు. మళ్లీ మొదటిది తీసుకున్నారు.

“ఇందులో రాత్రి వేసుకునేది ఏది, నాయనా?”

“పేర్లు రాసి ఉన్నాయి కదండీ.”

“రాసి ఉన్నాయా?” అన్నారు మాస్టారు.

పాణి ఆయన ముఖంలోకి చూశాడు. ఎనిమిదేళ్లుగా ఆయన ఒళ్లో పుస్తకం తెరిచి ఉండగానే పాఠం విన్నాడు. ఈ మధ్య శ్లోకం ఒక పుటలో ఉంటే ఆయన ఇంకో పుట తిప్పుతున్నారని గమనించాడు కూడా. పెద్దవాళ్ల పరధ్యానం అనుకున్నాడు.

“ఒక మూల తెగితే పొద్దుటిది” అన్నారు మాస్టారు, పాఠం చెప్పే గొంతుతోనే. “రెండు తెగితే రాత్రిది. ఏ మూలా తెగనిది గుండె దడ వచ్చినప్పుడు. కిందటి వేసవిలో రాత్రిది పొద్దున వేసుకుని స్నానాల గదిలో పడ్డాను. అప్పుడు సుభాని పెట్టిన ఏర్పాటు ఇది.”

పాణి లేచాడు. “కత్తెర ఎక్కడుందండీ? నేనే కోసేస్తాను.”

“ఏది ఎప్పటిదో నీకు తెలుసా?”

తెలియదు. అది చీటీలో ఉంది. చీటీ గాజుబల్ల మీద ఉంది. తొందరలో దాన్ని తీసుకోలేదు.

“రాత్రి మాత్ర పడకపోతే తెల్లారేసరికి నాకు ఆయాసం వస్తుంది. మూడూ గుండె దడవే అయి కూర్చున్నాయి” అని, షీట్లు కవరులో పెట్టి అందించారు మాస్టారు. “తలుపు వెనక నా గొడుగుంది, తీసుకెళ్లు.”

షాపు ముందు ఏడెనిమిది మంది ఉన్నారు. పాణి చివర నిలబడ్డాడు. రేకు చూరు నుంచి కారే నీళ్లు సరిగ్గా అతని ముందువాడి భుజం మీద పడుతున్నాయి. తన వంతు వచ్చాక కవరు బల్ల మీద పెట్టాడు. ఏం చెప్పాలో కూర్చుకుంటున్నాడు గానీ అవసరం పడలేదు. సుభాని పక్కనున్న మేకుకు గుచ్చిన చీటీ తీశాడు.

“వస్తారనుకున్నాను సార్” అన్నాడు, అంతే.

ఆ కోత అంత చిన్న పనేం కాదని పాణి అప్పుడు చూశాడు. మాత్ర ఉన్న గుంట పగలకూడదు, తేదీ వేసిన అంచు పోకూడదు. సుభాని షీటును లైటుకేసి పట్టుకుని చూసి, మూల కత్తిరించి, తెగిన చోట గుచ్చుకోకుండా కత్తెర వీపుతో రెండు మూడుసార్లు రాశాడు. తర్వాత కళ్లు మూసుకుని తన బొటనవేలితో తడిమి చూసుకున్నాడు. రెండో షీటు తీశాడు.

“ఏమయ్యా, మందులిస్తావా, దర్జీ పని చేస్తావా?” అన్నాడు పాణి వెనకున్నాయన. చేతిలో హెల్మెట్టు, ఒళ్లంతా తడి. “ఆ తెగిన ముక్కలు ఎవరికి కావాలి? ఇచ్చి పంపించు.”

పాణి వెనక్కి తిరిగాడు. “కాదండీ, ఎందుకంటే” అన్నాడు.

“ఇంటి దగ్గర పిల్లకి జ్వరమండీ. మీ ఎందుకంటేలు నాకెందుకు?” అన్నాడాయన.

పాణి ఇటు తిరిగాడు. పొద్దుట కౌంటరు దగ్గర ఆవిడ కూడా ఆ మాట దగ్గరే ఆగింది. ఆ తర్వాత ఏమందో గుర్తుచేసుకోవాలని చూశాడు. గుర్తు రాలేదు. తాను అప్పటికే తర్వాతివాళ్లను పిలిచాడు.

“సుభానీ, ముందు ఈయనకి ఇచ్చెయ్యి, నేను ఆగుతాను” అన్నాడు. హెల్మెట్టాయన సిరప్పు సీసా తీసుకుని, పాణి వైపు చూడకుండానే వానలోకి వెళ్లిపోయాడు. సుభాని రెండో షీటు పని మళ్లీ మొదటి నుంచి చేశాడు.

పాణి తిరిగి వచ్చేసరికి మాస్టారు వరండాలో మంచం మీద అదే చోట కూర్చుని ఉన్నారు. షీట్లు తడిమారు. ఒక మూల, రెండు మూలలు, ఏమీ లేనిది. రెండు మూలలదాన్ని తలగడ వైపు పెట్టుకున్నారు. పాణి గొడుగు దులిపి తలుపు వెనక పెట్టాడు. పెరుగు ప్యాకెట్టు ఈసారీ మర్చిపోయాడు. వచ్చీ రాగానే అడిగిన ప్రశ్న సంగతి అతను ఎత్తలేదు.

మాస్టారే అడిగారు. “వెనకాల ఎవరైనా విసుక్కున్నారా?”

“ఒకాయన విసుక్కున్నాడండీ.”

“ఏమన్నాడు?”

“నేనన్నదే.”

మాస్టారు ఖాళీ కవరు మడిచి పక్కన పెట్టారు.

“పాపం, ఆయన ఇప్పుడు నీ ప్రశ్న ఎవరిని అడుగుతున్నాడో” అన్నారు.