గోరు కత్తిరిస్తే నొప్పెందుకు పుట్టదు?

ఒకప్పుడు మనుషుల వేళ్లకు గోళ్లు లేవు. వేళ్ల చివర్లు మగ్గిన జామపండులా మెత్తగా ఉండేవి. వీపు దురద పెడితే చెట్టుకేసి రుద్దుకోవడమే!

ఆ రోజుల్లో ఒక కొండమీద సుంకమ్మ అనే ఆమె ఉండేది. సొరబుర్రలకు నరం తీగ కట్టి కిన్నెర వాయించేది. సరదాకి కాదు. చలికాలంలో ఆ కొండను పొగమంచు కమ్మేసేది. దుంపలు తవ్వడానికి అడవికెళ్లిన ఏడుగురు ఆడవాళ్లూ కిన్నెర మోతను బట్టే ఇంటిదారి పట్టేవాళ్లు. ఇల్లు చేరినవాళ్లు "వచ్చా!" అని కేక పెట్టాలి. ఏడు కేకలూ వినబడేదాకా సుంకమ్మ చెయ్యి ఆపేది కాదు.

ఒక సాయంత్రం ఆరు కేకలే వచ్చాయి. రానిది సుంకమ్మ అత్త ఈదమ్మ.

సుంకమ్మ వాయించింది, వాయించింది. వేళ్లు చిట్లి నెత్తురొచ్చింది. ఇక తీగ మీటలేకపోయింది. కొండ వాలులో అత్త దారి తప్పినచోట, నాలుగడుగులు తప్పితే లోయ! గాలేమో కిందినుంచి పైకి వీస్తోంది. అత్త గొంతు పైకొస్తుంది, కోడలి గొంతు కిందికి పోదు.

ఇంటి పక్క వాగులోని చేప తల పైకెత్తింది. "నా పొలుసు తీసుకుని మీటు అక్కా" అంది.

పొలుసు పలచన. తీగను తాకగానే వంగిపోయింది. చిన్, చిన్ అంది.

"ఏం కీచురాళ్లే ఇవి! నా కోడలి కిన్నెర విననివ్వవా?" కిందినుంచి అత్త తిట్టింది.

పక్కింటి అరుగు మీద బయన్న గొంతు సవరించుకున్నాడు. అడవికి ఒక్కనాడూ వెళ్లనివాడు, అడవి గురించి అన్నీ తెలిసినవాడు. "పెద్ద మోత కావాలంటే పెద్ద ముక్క కావాలి" అన్నాడు.

కొట్టంలోని ఎద్దు తన విరిగిన కొమ్ము ముక్క ఇచ్చింది. అరచేతంత ఉంది, మందంగా ఉంది. ధబ్, ధబ్ అంది. రెండు దెబ్బలకే మణికట్టు లాగేసింది.

"ఉరుముతోందమ్మో! బండ కింద దూరుతున్నా!" అంది అత్త.

అప్పుడు వాగు ఒడ్డునున్న తాబేలు తన డిప్ప అంచు విరిచి ఇచ్చింది. పలచనా కాదు, మందమూ కాదు. తీగ ఖంగుమంది.

"అదీ! అది నా కోడలు!" అత్త కేక.

కానీ నాలుగు మీటులకే ఆ ముక్క అరిగిపోయింది. ఇంకో ముక్క విరవబోయిన తాబేలు కళ్లలో నీళ్లు. సుంకమ్మ ఆగిపోయింది. "నిన్ను ఏడిపించి మా అత్తను తెచ్చుకోనా? వద్దు తల్లీ, ఇంకో దారి చూద్దాం."

తాబేలు తల పూర్తిగా బయటికి చాపింది. ఇంతవరకూ దాని నొప్పి గురించి ఎవరూ అడగలేదు.

"చేప పొలుసు పలచదనం, ఎద్దు కొమ్ము గట్టిదనం, నా డిప్ప వంపు, మూడూ కలిపి నీ వేలికే ఇద్దాం" అంది తాబేలు. "కోసినా నొప్పి పుట్టకూడదు. అరిగినా మళ్లీ రావాలి."

ముగ్గురూ చిట్లిన వేళ్లను మూతులతో తాకారు. వేళ్ల చివర గోళ్లు మొలిచాయి!

గోటి కొసతో మీటితే సన్నగా, లోతుగా మీటితే నిండుగా పలికింది కిన్నెర. ఆ మోత మంచును చీల్చుకుంటూ కిందికి పోయింది.

కాసేపటికి, "వచ్చా!"

మోకాళ్ల నిండా గీతలతో ఈదమ్మ వచ్చింది. కోడలి వేళ్లు కళ్లకద్దుకుంది. తర్వాత చేపకు, ఎద్దుకు, తాబేలుకు చేతులు జోడించింది. "మీ కడుపులు చల్లగుండ! కోడలిని కాపాడారు, నన్నూ కాపాడారు."

"నా సలహా వల్లే కదా!" అన్నాడు బయన్న.

"అవును నాయనా, నీ సలహా వల్లే బండకింద దూరాను."

సుంకమ్మ నవ్వి, అందరి వేళ్లనూ తన గోళ్లతో తాకింది. ముందు ఏడుగురివీ, తర్వాత పిల్లలవీ, ఆఖరికి బయన్నవీ.

అప్పటినుంచే మన వేళ్లకు పొలుసంత సన్నని అంచుతో, కొమ్ములా గట్టిగా, తాబేలు వీపులా వంపు తిరిగిన గోళ్లు ఉన్నాయి. ఎన్నిసార్లు కత్తిరించినా నొప్పి పుట్టదు, మళ్లీ పెరుగుతాయి. అవి లాక్కున్నవి కావు మరి, ఇష్టంగా ఇచ్చినవి.