పెద్దయ్య గొంతున్న డిస్కు

నిర్మోహానందకు లొంగని యంత్రం ఈ భూమ్మీద లేదు. ఈ సంగతి మఠంలో అందరికీ తెలుసు, ఎందుకంటే రోజూ అతనే చెబుతాడు. ఆ ఉదయం మాత్రం అరచేతంత హార్డ్‌డిస్క్ ఒకటి అతని ముందు కూర్చుని, నువ్వెవరో నాకు తెలియదన్నట్టు మొహం పెట్టింది.

ఆ డిస్కులో పెద్దయ్య గొంతు ఉంది. పెద్దయ్య అంటే ఇప్పుడు మఠం నడిపే గురులింగయ్యగారి గురువు, ఈ మఠం కట్టిన మనిషి. పోయి చాలా ఏళ్లయింది. ఆయన పాడిన తత్వాలు ఇక మిగిలింది ఇందులోనే. గురులింగయ్య వాటిని ఏడాదికొక్కసారి, పెద్దయ్య ఆరాధన నాడు తప్ప వినరు. రోజూ వింటే గోడగడియారం చప్పుడైపోతుందట. అందుకే ఆరాధన దగ్గరపడే కొద్దీ డెబ్బై దాటిన ఆ మనిషి, జాతరకు బయల్దేరే పిల్లాడిలా "రేపేనా? ఎల్లుండా?" అని అడుగుతూనే ఉంటారు.

ఆ రేపు ఇవాళ వచ్చింది. నిన్ననేమో నిర్మోహానంద, ఎవరూ అడక్కుండానే, మఠం కంప్యూటర్‌కు కొత్త సిస్టమ్ ఎక్కించాడు. ఇప్పుడు కంప్యూటర్ తళతళలాడుతోంది. డిస్కే కనబడటం లేదు.

వైరు మార్చాడు. ఇటు గుచ్చాడు, అటు గుచ్చాడు. ఆపి మళ్లీ వేశాడు. చివరికి డిస్కును చెవికి ఆనించుకున్నాడు.

గురులింగయ్య వచ్చి పక్కన కూర్చున్నారు. "ఏమంటున్నది?"

"లోపల తిరుగుతున్నది అయ్యా. లైటు గూడ వెలుగుతున్నది. కంప్యూటరే, అసుంటిదేం లేదంటున్నది."

"వాకిట్ల నిలబడి పిలుస్తున్నా?"

నిర్మోహానంద చెయ్యి ఆగింది.

గురులింగయ్య లేచి, అల్మారాలోంచి ఒక స్టీలు డబ్బా తెచ్చి కంప్యూటర్ పక్కన పెట్టారు. మూత మీద చుక్కచుక్కలుగా కొట్టిన పేరు: శరణమ్మ.

శరణమ్మ నిర్మోహానంద అక్క. తల్లి లేని పిల్లాణ్ణి చంకనేసుకుని పెంచింది. దీక్ష ఇచ్చిన నాడు గురువుగారు అతనికి కొత్త పేరు పెట్టారు గానీ, పాత పేరుకు పలకొద్దని అనలేదు. ఆ నియమం అతను తన సొంత తెలివితో చేర్చుకున్నాడు. పోయిన వారం అక్క వాకిట్లో నిలబడి "సంగా! ఓ సంగా!" అని పిలిస్తే, తలుపు వెనక నుంచి గొంతు మార్చి "ఆ పేరుగలోళ్లు ఈడ లేరమ్మా" అన్నాడు. ఆమె కాసేపు అక్కడే నిలబడి, డబ్బా అరుగు మీద పెట్టి వెళ్లిపోయింది. ఇది గురువుగారి చెవిన పడలేదనే అతను ఇన్నాళ్లూ అనుకుంటున్నాడు.

"సజ్జ లడ్డూలు మంచిగున్నయి. డబ్బా ఖాళీగ పంపొద్దు" అన్నారు గురులింగయ్య. అంతే.

నిర్మోహానంద తల కంప్యూటర్‌లో దూర్చేశాడు. వెతగ్గా వెతగ్గా, డిస్కులన్నిటి లెక్క ఉండే చోటొకటి తెరుచుకుంది.

"ఉన్నదయ్యా! ఎటూ పోలే. ప్రతి డిస్కుకు ఒక అక్షరం ఉంటది, దాంతోనే పిలుస్తది. కొత్త సిస్టమ్ ఎక్కేటప్పుడు ఆ అక్షరం ఊడిపోయింది."

గురులింగయ్య వేలు తెర మీద ఒక మాట దగ్గర ఆగింది. "ఇదేంది?"

"అది ముట్టొద్దయ్యా! ఫార్మాట్. లోపలున్నదంత తుడిచి కొత్తగ మొదలువెడ్తది."

"అల్కగనే అయితదా?"

"ఒక్క నొక్కుడే."

"ఒక్క నొక్కుడే" అన్నారు గురులింగయ్య, డబ్బా మూత సవరిస్తూ.

నిర్మోహానంద డిస్కుకు దాని పాత అక్షరం తిరిగి ఇచ్చాడు. ఫోల్డర్లన్నీ, ఎక్కడికీ వెళ్లనట్టే, వచ్చి నిలబడ్డాయి.

పాటకంటే ముందు ఒక దగ్గు వినబడింది. తర్వాత తంబూరా సవరిస్తున్న చప్పుడు. గురులింగయ్య కళ్లు మూసుకున్నారు. ఉన్నట్టుండి డిస్కులోంచి పెద్దయ్య కసిరారు:

"లింగిగా! కిటికీ ముయ్యిరా, దుమ్మొస్తున్నది."

గురులింగయ్య చటుక్కున లేచారు. మోకాళ్లు పట్టుకుని, గోడ ఆసరాతో కిటికీ దాకా నడిచారు. అది పొద్దుట్నుంచీ మూసే ఉంది. తెరిచి, మళ్లీ మూశారు.

"మూసిన అయ్యా" అన్నారు.

అప్పుడు పాట మొదలైంది.

ఆయన వచ్చి కూర్చున్నాక కూడా నిర్మోహానంద ఆయన వైపు చూడలేకపోయాడు. డబ్బా మూత మీది చుక్కలను వేలితో తడుముతూ ఉండిపోయాడు. పాట అయిపోయాక నోరు పెగిలింది.

"అయ్యా, ఆ దినం తలుపెనక గొంతు నాదే."

"తెలుసు. ఆమెకు గూడ తెలుసు."

"అదొక్కటే గాదయ్యా." అతని చెవులు ఎర్రబడ్డాయి. "అక్క పోయినంక మోటరు రూములకు పోయిన. ఎవ్వరికి ఇనబడొద్దని మోటరు ఏసిన. ఏసి, అక్క పిలిచినట్టే, నన్ను నేనే పిలుచుకున్న. సంగా అని."

డబ్బాను ఒళ్లోకి తీసుకున్నాడు.

"పలికిన గూడ."